కణం నుండి కాయం

ప్రకృతిలో అనుక్షణం జరుగుతూ కూడా మానవుని కంటికి కనబడని కార్యాలు కొన్ని ఉన్నాయి. విత్తనం మొలకెత్తడం మట్టి చాటున జరుగుతుంది. కోడిపిల్ల రూపొందడం పెంకు చాటున జరుగుతుంది. శిశువు అవయవాలు సంతరించుకోవడం తల్లి గర్భంలో జరుగుతుంది. కనబడని దానిని గురించి ఊహించడం, ఊహించిన దానిని పరీక్షించి తెలుసుకోవడం మానవ స్వభావం. అందువలననే జీవి పుట్టుకను గురించిన ఆలోచన మానవ నాగరికత అంత ప్రాచీనమైనది.

భారతీయ వాఙ్మయంలో ఈ ఆలోచన అనేక రూపాలలో కనిపిస్తుంది. గర్భోపనిషత్తు, భాగవత తృతీయ స్కంధం గర్భస్థ పిండం క్రమక్రమంగా ఎదిగే తీరును వర్ణించాయి. తొలి దశను ‘కలలం’ అనీ, తరువాతి దశను ‘బుద్బుదం’ అనీ పేర్కొన్నాయి. కలలం అంటే ద్రవరూపమైన ముద్ద. బుద్బుదం అంటే నీటిబుడగ. గాంధారి ప్రసవించిన మాంసపిండాన్ని వ్యాసుడు నూటొక్క భాగాలు చేయించి నేతికుండలలో భద్రపరచిన కథ మహాభారతం చదివిన వారందరికీ తెలిసినదే. ఇవి సూక్ష్మదర్శిని లేని కాలపు భావనలు. వీటిని ప్రయోగఫలితాలుగా భావించనవసరం లేదు. కాని వీటి వెనుక ఒక గంభీరమైన ప్రశ్న ఉన్నది. ఆకారం లేని దాని నుండి ఆకారం ఎట్లా వస్తుంది? కన్ను, ముక్కు, చేయి, కాలు ఏవీ లేని చిన్న బిందువు కొద్ది దినాలలో ఇన్ని అవయవాలు గల ప్రాణిగా ఎట్లా మారుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకే శాస్త్రమే పిండోత్పత్తి శాస్త్రం.

గుడ్డును తెరచి చూసినవారు

పిండం ఎదుగుదలను కంటితో చూడదలచిన వారికి మొదట లభించిన సాధనం కోడిగుడ్డు. అది సులభంగా దొరుకుతుంది. తల్లి శరీరానికి వెలుపల ఎదుగుతుంది. పెంకును జాగ్రత్తగా తొలగిస్తే లోపలి మార్పులు కంటబడతాయి. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ పొదుగుతున్న కోడిగుడ్లలోని మార్పులను దినక్రమంలో వర్ణించాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడిచేసరికి గుడ్డులో ఎర్రని చుక్క వంటి గుండె కదలాడుతూ కనబడుతుందని ఆయన తెలిపాడు. అవయవాలన్నీ ఒక్కసారిగా పుట్టవనీ, ఒకదాని వెంట ఒకటి క్రమంగా ఏర్పడతాయనీ ఆయన అభిప్రాయపడ్డాడు.

అరిస్టాటిల్ చెప్పిన మాట రెండువేల సంవత్సరాల తరువాత పెద్ద వివాదానికి గురి అయింది. పదిహేడవ శతాబ్దంలో సూక్ష్మదర్శిని వాడుకలోకి వచ్చింది. 1677లో డచ్చి దేశీయుడైన ల్యూవెన్‌హుక్ శుక్రకణాలను వర్ణించాడు. కంటికి కనబడని లోకం ఒకటి ఉన్నదని తెలియగానే అందులో అన్నీ ఉండవచ్చునన్న ఊహ బలపడింది. 1694లో హార్ట్‌సోకర్ అనే పండితుడు శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న చిట్టి మనిషి బొమ్మను గీసి ప్రచురించాడు. బీజంలో ప్రాణి సంపూర్ణంగా ముందే ఉంటుందనీ, గర్భంలో దాని పరిమాణం మాత్రమే పెరుగుతుందనీ కొందరు వాదించారు. ఇదే పూర్వరూప సిద్ధాంతం. ఈ వాదాన్ని చివరిదాకా అంగీకరిస్తే ఆ చిట్టి మనిషిలో మరింత చిట్టి మనిషి, అతనిలో ఇంకొక మనిషి, ఈ విధంగా తరతరాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ కాలంలో పెద్ద పెద్ద పండితులే దానిని ఒప్పుకున్నారు.

ఇటలీ దేశీయుడైన మాల్పీగి 1670 దశకంలో కోడిపిండాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి చక్కని చిత్రాలు గీశాడు. ఇంకా పొదగని గుడ్డులో కూడా పిండపు ఛాయ కనబడిందని ఆయన వ్రాశాడు. పూర్వరూపవాదులకు ఇది గొప్ప ఆధారమైంది. అయితే ఆయన ఆ గుడ్డును పరీక్షించింది తీవ్రమైన ఎండలు కాచే ఆగస్టు మాసంలో. ఆ వేడికే గుడ్డులో ఎదుగుదల మొదలై ఉంటుందని తరువాతి శాస్త్రజ్ఞులు భావించారు.

ఈ వివాదాన్ని మలుపు త్రిప్పినవాడు కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్ అనే జర్మన్ యువకుడు. 1759లో ప్రచురించిన తన సిద్ధాంత వ్యాసంలో ఆయన అవయవాలు ముందుగా ఉండవనీ, కొత్తగా ఏర్పడతాయనీ ప్రతిపాదించాడు. తరువాత కోడిపిండంలో ప్రేగు ఏర్పడే విధానాన్ని చూపి దానిని బలపరచాడు. ప్రేగు మొదట గొట్టంగా ఉండదు. పలుచని పొరగా ఉంటుంది. ఆ పొర అంచులు వంగి, దగ్గరకు చేరి, కలిసిపోయి గొట్టమవుతుంది. తమలపాకును చిలకగా చుట్టినట్లు పొర చుట్టుకొని అవయవం అవుతుందన్నమాట. ముందే ఉన్న గొట్టం పెరగడం వేరు. లేని గొట్టం ఏర్పడటం వేరు. వోల్ఫ్ చూపినది రెండవది.

ఒకటి రెండై, రెండు నాలుగై

జంతువులలో పిండాభివృద్ధి ఫలదీకరణంతో మొదలవుతుంది. 1876లో ఆస్కార్ హెర్ట్విగ్ సముద్రపు ఉర్చిన్ అనే ముళ్ల జీవి అండాలను పరిశీలించి, శుక్రకణ కేంద్రకం అండకేంద్రకంతో కలిసిపోవడాన్ని గుర్తించాడు. ఆ జీవి అండాలు పారదర్శకంగా ఉండటం ఆయనకు కలిసివచ్చింది. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వారసత్వ ద్రవ్యాన్ని పొందిన ఈ కొత్త కణానికి సంయుక్తబీజం అని పేరు.

సంయుక్తబీజం వెంటనే విభజన చెందడం ఆరంభిస్తుంది. ఒక కణం రెండుగా, రెండు నాలుగుగా, నాలుగు ఎనిమిదిగా చీలుతాయి. దీనినే విదళనం అంటారు. సాధారణ కణవిభజనకు, విదళనానికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. శరీరంలోని కణం విభజన చెందేముందు పెరుగుతుంది. విదళనంలో కణాలు పెరగవు. బెల్లపు అచ్చును ముక్కలు చేసినప్పుడు ముక్కల సంఖ్య పెరుగుతుంది కాని బెల్లం పెరగదు. అదేవిధంగా కణాల సంఖ్య పెరిగినా పిండం మొత్తం పరిమాణం ఇంచుమించు మొదటి అండమంతే ఉంటుంది.

తొలకరి వానల తరువాత కుంటలలో కప్పలు పెట్టే గుడ్లు జిగురు తొడుగులతో తేలుతూ కనబడతాయి. కప్ప అండం పైభాగం నల్లగా, క్రిందిభాగం తెల్లగా ఉంటుంది. క్రిందిభాగంలో ఆహారమైన సొన ఎక్కువ. మొదటి రెండు విభజనలు నిలువుగా జరుగుతాయి. మూడవ విభజన అడ్డంగా, మధ్యరేఖకు కొంచెం పైగా జరుగుతుంది. అందువలన పైన నాలుగు చిన్న కణాలు, క్రింద నాలుగు పెద్ద కణాలు ఏర్పడతాయి. సొన విభజనకు అడ్డుపడుతుంది కనుక పైకణాలు వడివడిగా, క్రిందికణాలు మెల్లగా చీలుతాయి.

కణాలు పదహారు, ముప్పది రెండు అయ్యేసరికి పిండం ఉబ్బెత్తు కణాలతో నిండిన బంతి వలె ఉంటుంది. దీనిని మోరులా దశ అంటారు. లాటిన్ భాషలో ఈ మాట మల్బరీ పండును సూచిస్తుంది. తెలుగువారికి సీతాఫలం పైతొక్క ఈ దశను సులభంగా స్ఫురింపజేస్తుంది. క్రమంగా బంతి లోపల ద్రవం చేరి ఖాళీ ఏర్పడుతుంది. ఈ దశకు బ్లాస్టులా అని పేరు. ఇంతవరకు పిండానికి తల, తోక, కడుపు, వీపు అన్న భేదాలేవీ పైకి కనబడవు.

పొరల కూర్పు

బ్లాస్టులా దశ తరువాత పిండజీవితంలో అతిముఖ్యమైన ఘట్టం వస్తుంది. ఇంతవరకు ఉన్నచోటనే ఉంటూ చీలిన కణాలు ఇప్పుడు కదలడం ప్రారంభిస్తాయి. కొన్ని పైనుండి లోపలికి జారుతాయి. కొన్ని విస్తరించి పైభాగమంతా కప్పుతాయి. కొన్ని ఈ రెండింటి నడుమ చేరుతాయి. గాలి కొంచెం తగ్గిన రబ్బరు బంతిని ఒకచోట బొటనవ్రేలితో నొక్కితే ఒక పొర లోపలికి పోయి రెండు పొరల గిన్నె ఏర్పడుతుంది. సముద్రపు ఉర్చిన్ పిండంలో జరిగేది ఇంచుమించు ఇటువంటిదే. ఈ దశను గాస్ట్రులా అంటారు. లోపలికి పోయిన భాగం ఆదిమ జీర్ణనాళం అవుతుంది. దాని ద్వారాన్ని ఆది ఆంత్రరంధ్రం అంటారు. వానపాము వంటి జీవులలో నోరు ఈ రంధ్ర ప్రాంతం నుండే ఏర్పడుతుంది. సముద్రపు ఉర్చిన్‌లోను, వెన్నెముక గల జంతువులలోను ఈ చోటు పాయువు వైపు అవుతుంది. నోరు వేరొక చోట కొత్తగా తెరచుకుంటుంది.

ఈ కదలికల ఫలితంగా మూడు పొరలు ఏర్పడతాయి. కోడిపిండంలో ఈ పొరలను 1817లో క్రిస్టియన్ పాండర్ వర్ణించాడు. వెలుపలి పొర బహిస్త్వచం. దీనినుండి చర్మపు పైపొర, వెంట్రుకలు, గోళ్లు, మెదడు, వెన్నుపాము, నరాలు ఏర్పడతాయి. నడిమి పొర మధ్యస్త్వచం. దీనినుండి కండరాలు, ఎముకలు, గుండె, రక్తం, మూత్రపిండాలు రూపొందుతాయి. లోపలి పొర అంతస్త్వచం. జీర్ణనాళపు లోపలి పొర, కాలేయం, క్లోమం, ఊపిరితిత్తుల లోపలి పొర దీనినుండి వస్తాయి. వెలుపలి చర్మానికి, పుర్రెలో భద్రంగా దాగిన మెదడుకు పుట్టిల్లు ఒకటే కావడం విశేషం.

పాండర్ మిత్రుడైన కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఈ పరిశోధనను ఇతర జంతువులకు విస్తరించాడు. క్షీరదాలకు కూడా అండం ఉంటుందని 1827లో ఆయన నిరూపించాడు. వెన్నెముక గల జంతువుల పిండాలు తొలిదశలలో ఒకదానినొకటి ఎంతగానో పోలి ఉంటాయనీ, వాటి ప్రత్యేక లక్షణాలు తరువాతనే స్పష్టమవుతాయనీ గమనించాడు. ఒకసారి ఆయన సారాయంలో భద్రపరచిన రెండు చిన్న పిండాలకు పేర్లు వ్రాసి అంటించలేదు. తరువాత చూస్తే అవి బల్లివో, పక్షివో, క్షీరదానివో ఆయనకే తెలియలేదట. ఎన్నో పిండాలను చూసిన కన్నులే గుర్తించలేనంతటి పోలిక వాటిలో ఉన్నది.

పెంకు చాటున ఇరువదియొక్క దినాలు

కోడిగుడ్డులోని పచ్చసొన నిజానికి ఒకే ఒక పెద్ద కణం. దానిలో అధికభాగం ఆహారమే. సొనపై తెల్లని చుక్క వలె కనబడే చిన్న బిళ్ల నుండి మాత్రమే పిండం ఏర్పడుతుంది. ఫలదీకరణం తల్లి శరీరంలో, తెల్లసొన, పెంకు ఏర్పడకముందే జరుగుతుంది. తరువాత గుడ్డు అండనాళంలో ఇంచుమించు ఒక దినం ప్రయాణిస్తుంది. ఆ కాలంలోనే విదళనం సాగి, గుడ్డు బయటపడే వేళకు ఆ బిళ్లలో వేలాది కణాలు ఉంటాయి. సొన అంతా చీలదు. పైనున్న బిళ్ల మాత్రమే చీలుతుంది.

బయటి చల్లదనం తగలగానే ఎదుగుదల ఆగుతుంది. కొన్ని దినాల పాటు పిండం ఆ స్థితిలోనే ఉండగలదు. పల్లెలలో పెట్ట రోజుకొకటి చొప్పున గుడ్లు పెట్టి, అవి కొన్ని అయిన తరువాతనే పొదగడానికి కూర్చుంటుంది. ముందు పెట్టిన గుడ్డు, చివర పెట్టిన గుడ్డు ఇంచుమించు ఒకేనాడు పిల్లలు కావడానికి కారణం ఇదే. కోళ్ల ఫారాలనుండి అంగడికి వచ్చే గుడ్లు సాధారణంగా పుంజు లేకుండా పెట్టినవి. వాటిలో ఫలదీకరణం జరగదు కనుక ఎంత పొదిగినా పిల్ల రాదు.

తల్లి వెచ్చదనం ముప్పది ఏడు, ముప్పది ఎనిమిది డిగ్రీల సెల్సియస్ వరకు అందినప్పుడు పని తిరిగి ఆరంభమవుతుంది. మొదటి దినంలోనే బిళ్ల నడుమ ఒక గీత కనబడుతుంది. దీనిని ఆదిమ రేఖ అంటారు. కణాలు ఈ గీతగుండా లోపలికి జారి పొరలుగా సర్దుకొంటాయి. ఈ రేఖ ఏర్పడటంతో పిండానికి ముందు వెనుకలు, కుడి ఎడమలు స్పష్టమవుతాయి. తరువాత వీపుభాగంలోని బహిస్త్వచం మందమై పలకవలె మారుతుంది. దాని అంచులు పైకి లేచి, ఒకదానినొకటి కలుసుకొని నాళమవుతాయి. ఇదే నాడీనాళం. దీని ముందుభాగం మెదడు, వెనుకభాగం వెన్నుపాము అవుతాయి. నాళానికి ఇరుప్రక్కల మధ్యస్త్వచం చిన్న చిన్న ఖండాలుగా విడిపోతుంది. ఇంచుమించు గంటన్నరకు ఒక జత చొప్పున ఈ ఖండాలు ఏర్పడతాయి. వెన్నుపూసలు, వీపు కండరాలు వీటినుండే వస్తాయి.

రెండవ దినంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అరిస్టాటిల్ చూసిన ఎర్రని చుక్క ఇదే. ఆయన గుండెయే అన్నింటికంటె ముందు పుడుతుందని తలచాడు. నాడీఫలకం అంతకుముందే ఏర్పడుతుందని సూక్ష్మదర్శిని తరువాత చూపింది. క్రమంగా రక్తనాళాలు సొనపై వల వలె వ్యాపించి ఆహారాన్ని పిండానికి చేరుస్తాయి. ఉల్బం అనే పొర పిండం చుట్టూ నీటితిత్తిని కల్పించి దెబ్బలనుండి కాపాడుతుంది. అళిందం అనే మరొక తిత్తి వ్యర్థాలను నిలువ చేయడమేకాక, పెంకులోని సూక్ష్మరంధ్రాల ద్వారా శ్వాసక్రియకు తోడ్పడుతుంది. ఇరువదియొక్క దినాలకు పిల్ల తన ముక్కుపై ఉండే చిన్న మొనతో పెంకును పగులగొట్టుకొని బయటపడుతుంది.

కణానికి దారి చూపేది ఎవరు?

పిండం ఎదుగుదలను వర్ణించడం ఒక ఎత్తు. దానికి కారణం చెప్పడం మరొక ఎత్తు. అన్ని కణాలు ఒకే సంయుక్తబీజం నుండి వచ్చినప్పుడు ఒకటి కన్నుగా, ఒకటి కాలేయంగా ఎందుకు మారాలి? పంతొమ్మిదవ శతాబ్దం చివర శాస్త్రజ్ఞులు చూసి వ్రాయడంతో తృప్తిచెందక ప్రయోగాలకు పూనుకున్నారు.

1888లో విల్హెల్మ్ రూ కప్ప పిండం రెండు కణాల దశలో ఉండగా ఒక కణాన్ని కాల్చిన సూదితో పొడిచి చంపాడు. మిగిలిన కణం సగం పిండంగానే ఎదిగింది. ప్రతి కణానికి దాని వాటా ముందుగానే పంచబడి ఉంటుందని ఆయన నిర్ణయించాడు. 1891లో హాన్స్ డ్రీష్ సముద్రపు ఉర్చిన్ పిండంతో అటువంటి ప్రయోగమే చేశాడు. అయితే ఆయన కణాన్ని చంపలేదు. సముద్రజలంలో పిండాలను గట్టిగా కుదిపి రెండు కణాలను వేరుచేశాడు. సగం జీవి వస్తుందని ఎదురుచూసిన ఆయనకు మరునాడు పరిమాణంలో చిన్నదైనా సంపూర్ణమైన డింభకం కనబడింది. రెండు ప్రయోగాల ఫలితాలు భిన్నంగా ఉండటానికి కారణం తరువాత తెలిసింది. రూ ప్రయోగంలో చచ్చిన కణం బ్రతికిన కణాన్ని అంటిపెట్టుకొనే ఉన్నది. ప్రక్కన తోడు ఉన్నట్లే ఆ కణం ప్రవర్తించింది. కప్ప పిండంలో కూడా ఒక కణాన్ని పూర్తిగా తొలగించినప్పుడు మిగిలినది పూర్తిజీవిగా ఎదగగలదని 1910లో తేలింది. కణం ఏమి కావాలో దాని లోపలి ద్రవ్యం ఒక్కటే నిర్ణయించదు. దాని ఇరుగుపొరుగు కూడా నిర్ణయిస్తుందన్నమాట.

ఈ సత్యానికి అపూర్వమైన నిదర్శనం 1924లో వెలువడింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య హాన్స్ స్పీమన్ వద్ద హిల్డా మాంగోల్డ్ అనే యువతి పరిశోధన చేసింది. ఆమె న్యూట్ అనే ఉభయచరాల గాస్ట్రులాలను తీసుకొన్నది. లేత రంగు జాతి పిండం నుండి ఆది ఆంత్రరంధ్రపు పైపెదవి భాగాన్ని చిన్న తునకగా కత్తిరించి, ముదురు రంగు జాతి పిండం కడుపు భాగంలో అతికించింది. మిల్లీమీటరు కొలతలలో ఉండే పిండాలపై, సూక్ష్మక్రిములను నివారించే మందులు లేని దినాలలో, చేతితో చేసిన పని అది. చాలా పిండాలు చనిపోయాయి. బ్రతికిన కొద్ది పిండాలలో అద్భుతం కనబడింది. అతికించిన చోట రెండవ నాడీనాళం, రెండవ వెన్ను ఏర్పడి, ఒకే శరీరానికి రెండు పిండాలు అంటుకొన్నట్లు ఎదిగాయి. రంగుల భేదం వలన మరొక రహస్యం బయటపడింది. రెండవ నాడీనాళంలో అధికభాగం ముదురు రంగు కణాలే. అనగా కడుపుచర్మం కావలసిన కణాలు అతికించిన తునక ప్రభావంతో నాడీకణాలుగా మారాయి. తాను ఒక భాగంగా మారుతూనే ఇరుగుపొరుగు కణాలను కూర్చి నడిపించే ఈ భాగానికి స్పీమన్ వ్యవస్థాపకం అనే అర్థం గల పేరు పెట్టాడు.

ఈ పరిశోధనకు 1935లో స్పీమన్‌కు నోబెల్ బహుమతి లభించింది. హిల్డా మాంగోల్డ్ దానిని చూడలేదు. 1924లోనే, తన వ్యాసం అచ్చయిన సంవత్సరంలోనే, ఇంటిలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆమె మరణించింది. అప్పటికి ఆమె వయస్సు ఇరువది అయిదు సంవత్సరాలు. ఆ తునక ప్రక్క కణాలకు ఏమి చెప్పిందో తెలియడానికి మరి ఏడు దశాబ్దాలు పట్టింది. 1990 దశకంలో నాగిన్, కార్డిన్ మొదలైన ప్రోటీన్లు గుర్తింపబడ్డాయి. వీటి పని ఆజ్ఞాపించడం కాదు, అడ్డుకోవడం. బహిస్త్వచ కణాలకు చుట్టూ ఉన్న కణాల నుండి ‘చర్మంగా మారుము’ అనే సంకేతం అందుతూ ఉంటుంది. వ్యవస్థాపకం ఆ సంకేతాన్ని అడ్డుకొన్నచోట అవి నాడీకణాలుగా మారతాయి.

మానవ పిండం: తొలి వారాలు

మానవులలో ఫలదీకరణం అండవాహికలో జరుగుతుంది. మానవ అండం వ్యాసం మిల్లీమీటరులో ఇంచుమించు పదవ వంతు. విదళనం చెందుతూనే పిండం గర్భాశయం వైపు ప్రయాణిస్తుంది. అయిదవ దినానికి అది ద్రవం నిండిన బంతి వలె ఉంటుంది. వెలుపలి కణాలు తల్లి నుండి పోషకాలను అందించే జరాయువు నిర్మాణంలో పాల్గొంటాయి. లోపల ఒకచోట గుమికూడిన కణాలు శిశువు అవుతాయి. ఆరు ఏడు దినాలకు పిండం గర్భాశయపు గోడను అంటుకొంటుంది. మూడవ వారంలో ఆదిమ రేఖ, దాని వెంట మూడు పొరలు ఏర్పడతాయి. అంతకు పూర్వం పిండం రెండుగా విడిపోతే ఏకరూప కవలలు పుడతారు. డ్రీష్ తన పాత్రలో కుదిపి సాధించినది తల్లి గర్భంలో ప్రకృతి సహజంగా జరుగుతున్నదన్నమాట. ఆదిమ రేఖ ఏర్పడిన తరువాత ఆ విభజనకు ఇంచుమించు అవకాశం ఉండదు. ప్రయోగశాలలో మానవ పిండాన్ని పద్నాలుగు దినాలకు మించి పెంచరాదని 1990లో బ్రిటన్ చట్టం నిర్ణయించడానికి ఈ అంశమే ఆధారమైంది.

ఈ జ్ఞానం సంతానం లేని దంపతులకు ఆశాకిరణమైంది. 1978 జులై 25న ఇంగ్లండులో శరీరం వెలుపల ఫలదీకరణం చెందిన అండం నుండి తొలి శిశువు లూయీ బ్రౌన్ జన్మించింది. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి ఫలితంగా ఇట్టి మరొక శిశువు జన్మించింది. పిండాన్ని అతిశీతల స్థితిలో భద్రపరచి వాడినట్లు ఆయన తెలిపాడు. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాటను నమ్మలేదు. 1981లో ఆయన మరణించాడు. 1986లో ఇటువంటి శిశుజననాన్ని సాధించి భారతదేశంలో ప్రథముడుగా ఖ్యాతి గాంచిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్ కుమార్, ముఖర్జీ వ్రాతలను పరిశీలించి, ఆ గౌరవం తనది కాదనీ, ముఖర్జీదేననీ 1997లో ప్రకటించాడు. ఆలస్యంగానైనా సత్యాన్ని గుర్తించిన ఈ ఔదార్యం శాస్త్రలోకానికే అలంకారం.

పిండాభివృద్ధి తొలిదశలను తెలుసుకోవడం పరిశోధకులకు మాత్రమే అవసరమైన విషయం కాదు. మానవ పిండంలో నాడీనాళం ఫలదీకరణం తరువాత ఇరువది ఎనిమిది దినాలలోగా మూసుకొంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి నిశ్చయంగా తెలియదు. ఆ నాళం పైభాగం మూసుకొనకపోతే మెదడు ఏర్పడదు; క్రిందిభాగం మూసుకొనకపోతే వెన్నుపాము బయటపడి కాళ్ల చలనం దెబ్బతినవచ్చు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ ముందునుండి తీసుకొంటే ఇట్టి లోపాలను చాలవరకు నివారించవచ్చునని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి నిర్వహించిన అధ్యయనం నిరూపించింది. ఇట్టి లోపం గల శిశువును అంతకుముందు ప్రసవించిన తల్లులలో అది మళ్లీ కలగడం ఇంచుమించు డెబ్బది శాతం తగ్గింది. గర్భధారణకు పూర్వం నుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలోను, పప్పుధాన్యాలలోను ఈ విటమిన్ లభిస్తుంది. అయినా ఆహారంతోపాటు మాత్రలు కూడా అవసరమని వైద్యులు చెబుతారు. నాళం మూసుకొన్న తరువాత తీసుకొన్న మాత్ర ఆ లోపాన్ని సరిచేయలేదు.

మరొక చేదు అనుభవం కూడా మానవజాతికి ఉన్నది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చింది. గర్భిణుల వేవిళ్లకు కూడా దానిని వాడారు. అవయవాలు మొలకెత్తే ఆ కొద్ది దినాలలో ఆ మందు లోపలికి చేరిన పిండాలకు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడలేదు. 1961లో అమ్మకం ఆగేలోగా అనేక దేశాలలో వేలాది శిశువులు అంగవైకల్యంతో జన్మించారు. రూబెల్లా జ్వరం గర్భిణికి తొలి మాసాలలో సోకితే శిశువు కన్నులు, గుండె, వినికిడి దెబ్బతినవచ్చును. ఆ జ్వరానికీ శిశువుల కంటిలోని శుక్లాలకూ గల సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. 2017 నుండి భారతదేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రూబెల్లా టీకా చేరడానికి మూలం ఈ జ్ఞానమే. తల్లికి స్వల్పమైన జ్వరంగా తోచినది, అవయవాలు ఏర్పడే వేళలో పిండానికి జీవితకాలపు కష్టం కావచ్చును.

పాత ప్రశ్నకు కొత్త సమాధానం

ప్రాణి బీజంలో ముందే ఉన్నదా, కొత్తగా ఏర్పడుతున్నదా అన్న వివాదంలో చివరకు ఎవరు గెలిచారు? అవయవాలు కొత్తగా ఏర్పడతాయన్న వోల్ఫ్ మాటే నిజమైంది. శుక్రకణంలో ముడుచుకొని కూర్చున్న చిట్టి మనిషి ఎవరికీ కనబడలేదు. అయినా ఏదీ ముందుగా లేదనడం కూడా సరికాదు. కోడిగుడ్డు నుండి కోడిపిల్లయే వస్తుంది గాని బాతుపిల్ల రాదు. సంయుక్తబీజంలో రూపం లేదు. రూపాన్ని నిర్మించుకొనే విధానం డి.ఎన్.ఏ. రూపంలో ఉన్నది. ఇల్లు వేరు, ఇంటి నమూనా వేరు. అయితే తాపీపనివాడెవరూ లేకుండా, ఇటుకలే ఒకదానితో ఒకటి సంప్రదించుకొని లేపే ఇల్లు ఇది.

ఒకసారి చర్మంగా, ప్రేగుగా మారిన కణంలో కూడా ఆ విధానం చెరిగిపోదని ఇరవయ్యవ శతాబ్దపు పరిశోధనలు చూపాయి. జాన్ గుర్డన్ 1962లో ప్రచురించిన పరిశోధనలో కప్పపిల్ల ప్రేగుకణపు కేంద్రకాన్ని, సొంత కేంద్రకం నశింపజేసిన అండంలో ప్రవేశపెట్టి కొత్త కప్పపిల్లలను పొందాడు. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా ఎలుక చర్మకణాలను నాలుగు జన్యువుల సహాయంతో తొలిపిండ కణాల వంటి స్థితికి మరలించాడు. వీరిద్దరికి 2012లో నోబెల్ బహుమతి లభించింది. దెబ్బతిన్న కణజాలాలను బాగుచేయవచ్చునన్న ఆశ ఈ మార్గంలో చిగురిస్తున్నది.

మనిషి తన జన్మకు పూర్వం గడిపిన జీవితాన్ని గుర్తు తెచ్చుకోలేడు. కాని కప్ప గుడ్డు, ముళ్ల జీవి అండం, కోడిగుడ్డులోని తెల్లని చుక్క ఆ జీవితాన్ని అతనికి చదివి వినిపించాయి. గొప్పవాడైనా, సామాన్యుడైనా ప్రతి మానవుడు ఒకనాడు కంటికి ఆనని ఒకే ఒక కణం. ఆ కణానికి కులం లేదు, ధనం లేదు, పేరు లేదు. దానికి కావలసినదల్లా తల్లి ఆరోగ్యం, మంచి ఆహారం, సకాలంలో అందే జాగ్రత్త. వాటిని సమకూర్చే బాధ్యత ఆ కణానిది కాదు. అప్పటికే మనుషులై ఉన్నవారిది.